ఉపవాసం కూడా భోజనమేనా?

నాన్న పోయిన పదకొండో రోజున విజయనగరంలో మా వీధి చివర షామియానా వేశాం. పంతుల్ని పిలవలేదు. పిండాలు లేవు. ఒంటిని మెడికల్ కాలేజీకి ఇచ్చెయ్యమని నాన్న ముందే రాసిపెట్టాడు కాబట్టి చితాభస్మం అనే మాటే లేదు. జూటు మిల్లులో ఆయనతో కలిసి పనిచేసిన యూనియన్ వాళ్లు బల్ల మీద ఫొటో పెట్టి గులాబీల దండ వేశారు. రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. ఆరుగురు మాట్లాడారు. ఒకాయన డప్పు మీద పాట పాడాడు. తర్వాత భోజనాలు. విస్తట్లో గారె పడేసరికి ఉలిక్కిపడ్డాను, గారెలు మేం చెప్పలేదు. వంట మాస్టార్ని అడిగితే, "పదకొండో రోజన్నారు కదా బాబూ, గారెల్లేకుండా ఎలాగ?" అన్నాడు.

మా మావయ్య చీపురుపల్లి నుంచి వచ్చాడు. అమ్మకి తమ్ముడు. నాన్నతో నలభై ఏళ్లు దేవుడి మీద వాదించి ఒక్కసారీ గెలవలేదని ఆయనే చెప్పుకుంటాడు. గారె తుంచి నోట్లో పెట్టుకుని, "మా బావ దేవుడు లేడు, మంత్రాలొద్దు అనీసి పోనాడు. బాగుంది. మరి మీరు సేసిందేటి అల్లుడూ? దండేసినారు, మౌనం అన్నారు, పాట పాడినారు, గారెలెట్టినారు. పంతులొక్కడే తక్కువ. మీదీ ఓ మతవే!" అన్నాడు.

పంక్తిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న ఉంటే వెంటనే ఏదో ఒకటి తిప్పికొట్టేవాడు. నాకు తోచలేదు. ఏడాది కావస్తోంది, ఇప్పటికీ స్నానం చేస్తూ ఆ మాటకి జవాబులు చెప్పుకుంటున్నాను. అందులో కొన్ని ఇక్కడ రాస్తున్నాను. మావయ్య బ్లాగులు చదవడు. ఎవరైనా వాట్సాప్‌లో పంపిస్తే మాత్రం ఆదివారం పొద్దున్నే ఫోన్ రావడం ఖాయం.

ముందు ఆయనవైపు నుంచి ఒక మాట. 'మతం' అనగానే ఇప్పుడు మనకి గుడి, మసీదు, చర్చి కళ్ల ముందు కదులుతాయి గానీ ఆ మాటకి పుట్టుకతో ఉన్న అర్థం అభిప్రాయం. తలచడం అని అర్థమిచ్చే 'మన్' ధాతువు నుంచి మతీ వచ్చింది, మతమూ వచ్చింది. అభిమతం, సమ్మతం అన్నీ ఆ ఇంటివాళ్లే. పెళ్లిచూపుల్లో "నీకు సమ్మతమేనా అమ్మా?" అని పిల్లని అడిగినప్పుడు మతం మారమని ఎవరూ అడగడం లేదు. పాత శాస్త్రాల్లో ఫలానా ఆచార్యుడి మతం ఇదీ అంటే, ఆయన ఉద్దేశం ఇదీ అని. చార్వాక మతం అన్నదీ ఆ లెక్కనే. అలా చూస్తే నాస్తికత్వం నూటికి నూరుపాళ్లూ మతమే. గుత్తివంకాయలో బెల్లం వెయ్యకూడదన్న నా పట్టుదల కూడా మతమే.

'నాస్తికుడు' మాట ఇంకా తమాషా. వేదాన్ని నిందించేవాడు నాస్తికుడు అన్నాడు మనువు, 'నాస్తికో వేదనిందకః' అని. అందులో దేవుడి ఊసే లేదు. లోకాన్ని చెయ్యడానికి ఒక ఈశ్వరుడు అక్కర్లేదన్న సాంఖ్యులూ, పూర్వమీమాంసకులూ వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి ఆస్తికుల బంతిలోనే కూర్చున్నారు. బౌద్ధుల్నీ జైనుల్నీ మాత్రం బయట నిలబెట్టారు. కాబట్టి నాస్తికత్వం మతమా కాదా అని మనం ఇవాళ కొట్టుకునే గొడవలో రెండు మాటలూ మన పాత మాటలే, అర్థాలు మాత్రం రెండూ కొత్తవి.

సరే, మావయ్య అన్నది ఈ నిఘంటువు అర్థంలో కాదని నాకూ తెలుసు. ఆయన అన్నది, మీరూ మాలాంటివాళ్లే అని.

దీనికి నాస్తికులు ప్రపంచమంతా చెప్పే జవాబు ఒకటుంది, లేకపోవడం ఉండడం ఎలా అవుతుందని. మా షాపులో కూర్చునే ఒక మిత్రుడు దాన్ని మన భాషలో చెప్పాడు: "ఉపవాసాన్ని కూడా ఓ రకం భోజనం అంటావేటి?" విన్నప్పుడు భలే అనిపించింది. అదే ఊపులో ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. అది కార్తీక సోమవారం. ఆవిడ ఉపవాసం. పొయ్యి మీద సగ్గుబియ్యం ఉడుకుతున్నాయి, పళ్లెంలో వడపప్పూ చలిమిడీ ఉన్నాయి, గెల నుంచి తీసిన అరటిపళ్లు పక్కనే, చుక్క కనబడ్డాక తినడానికి రవ్వ వేయించి పెట్టుకుంది. నేను ఆ పళ్లెం వంకే చూస్తుంటే, "ఏటి?" అంది. ఏం లేదన్నాను.

తిండి మానెయ్యడం తిండి కాదు, నిజమే. కానీ ఒక ఇంట్లో నలభై ఏళ్లపాటు తిండి మానితే ఆ మానడానికే ఒక వంటకాల పట్టీ, ఒక వేళ, ఒక పళ్లెం ఏర్పడిపోతాయి. నాస్తికత్వం సంగతీ అంతేనేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది అక్కడే. అప్పటిదాకా నాది గెలిచే వాదనే అనుకున్నాను.

మావయ్య పార్టీ వాళ్ల దగ్గర ఇంకో బాణం ఉంది: దేవుడు లేడనడం కూడా ఒక నమ్మకమే కదా, చూసొచ్చారా? ఇది నాకు అంత బలమైన వాదనగా ఎప్పుడూ అనిపించలేదు. మా ఊరి పెద్దచెరువులో మొసలి ఉందని ఎవరో అన్నారనుకోండి. ఏళ్ల తరబడి జనం గట్టు మీద నడుస్తున్నారు, ఎవరి కంటా పడలేదు, ఒక్క మేకా మాయం కాలేదు. "లేదులే" అని నేను ఇంటికెళ్లి పడుకుంటే నాది మొసలి-లేని మతం అనరు. ఉందన్నవాడే చూపించాలి. తెలుగులో 'నమ్మకం' అన్న ఒక్క మాటతో అన్ని పనులూ కానిచ్చేస్తాం కాబట్టి ఈ తికమక వస్తోంది. బొబ్బిలి బస్సు వస్తుందని నమ్మకం, డాక్టరు మీద నమ్మకం, పైడితల్లి అమ్మవారి మీద నమ్మకం. మాట ఒకటే, మనసు చేసే పని మూడు చోట్లా వేరు. బస్సు రాకపోతే ఆటో ఎక్కుతాం. అమ్మవారి దగ్గర మొక్కుకున్నది జరగకపోతే అమ్మవారిని మార్చం, మొక్కుబడిలో ఏం లోపం చేశామా అని వెతుక్కుంటాం.

అయితే అదే నేను ప్రతి ఆదివారం చెరువు గట్టుకి వెళ్లి, నాలాంటివాళ్లని నలుగుర్ని పోగేసి, "మొసలి లేదు! మొసలి లేదు!" అని అరిచి, చొక్కాకి బ్యాడ్జీ పెట్టుకుని, నీళ్లలో ఏదో కదిలినట్టుందన్నవాణ్ణి గట్టు దింపేస్తే? అప్పుడు కూడా మొసలి లేకపోవడం మతం కాదు. నేను మాత్రం ఏదో అవుతున్నాను. దీని సంగతి కాసేపట్లో చెబుతాను, ఎందుకంటే ఆ గట్టు మీద నేను కొన్నాళ్లున్నాను.

దేవుడు లేకుండా మతం ఉండదా అంటే, ఉంటుందని చూడ్డానికి మాకు ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. నెల్లిమర్ల దాటాక రామతీర్థం వస్తుంది. జనం రాములవారి గుడికి వెళతారు. పక్కనే గురుభక్తులకొండ మీద బౌద్ధుల కట్టడాల ఇటుకలు ఎండకి కాగుతూ ఉంటాయి. శ్రీకాకుళం వైపు వెళితే వంశధార ఒడ్డున శాలిహుండం. సృష్టికర్తని లెక్కలోంచి తీసేసిన ధర్మం అక్కడ కొన్ని వందల ఏళ్లు కొండ మీద బతికింది. స్తూపాలు కట్టింది, విహారాలు కట్టింది. ఆ కొండ మీదే తారాదేవి, మారీచి విగ్రహాలు కూడా దొరికాయి. దేవుడు అక్కర్లేదన్న చోట చివరికి దేవతలు వచ్చి కూర్చున్నారు. మావయ్యకి ఈ సంగతి చెప్పకపోవడమే నాకు మంచిది.

సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 1954లో శిరూరు మఠం కేసులో, మతానికి దేవుడు ఉండి తీరాలని లేదు, బౌద్ధం, జైనం దేవుణ్ణి ఒప్పుకోని మతాలే కదా అంది. కాబట్టి 'దేవుడు లేడు కనక మాది మతం కాదు' అనే వాదన చెల్లదు. దేవుడు లేకపోవడం అటూ ఇటూ ఏదీ తేల్చదు.

ఈ పేరు గొడవ ఉత్త మాటల గొడవ అనుకునేవాళ్లు ఒకరోజు వచ్చి మా షాపులో కూర్చోవాలి. కోట దగ్గర నాకు జెరాక్సు, నెట్ అప్లికేషన్ల షాపుంది. స్కాలర్‌షిప్పులు, ఉద్యోగాల దరఖాస్తులు, అడ్మిషన్లు, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇవే. ప్రతి దరఖాస్తులో 'మతం' అనే గడి. నొక్కితే ఒక పట్టీ దిగుతుంది: హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, ఇతరులు. పక్కన ఎర్ర చుక్క. ఖాళీగా వదిలితే పేజీ ముందుకెళ్లదు.

పోయినేడు ఒక కుర్రాడు వచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు, ఎస్సీ, హేతువాదం పుస్తకాలు బాగా చదివినవాడు. "మతం దగ్గర ఏటీ పెట్టకన్నా" అన్నాడు. పెట్టకపోతే కదలదన్నాను. "అయితే ఇతరులు పెట్టు." నేను మౌస్ మీద చెయ్యి ఆపి, నీ కులం సర్టిఫికెట్‌లో ఏముందని అడిగాను. హిందూ అని ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వెనకాల లైన్లో నలుగురున్నారు. చివరికి అతనే, "సరే, హిందూ కొట్టెయ్" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అతను భయపడింది ఊరికే కాదు. షెడ్యూల్డు కులాల గురించి 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, హిందూ మతం కాక వేరే మతం పాటిస్తున్నానని ప్రకటించుకున్నవాణ్ణి షెడ్యూల్డు కులస్థుడిగా లెక్కపెట్టకూడదంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ లోపలికి తీసుకున్నారు. ఆ 'వేరే మతం' అన్న రెండు మాటల దగ్గర ఆగండి. మతం లేదన్నవాడు వేరే మతం పుచ్చుకోలేదు. అదే నాస్తికత్వం కూడా మతమేనని ఎవరైనా ముద్ర కొట్టేస్తే? ఆ కుర్రాడు దేవుణ్ణి వదిలేసిన రోజునే రిజర్వేషన్నీ వదిలేసినట్టని వాదించడానికి ఒక దారి తెరుచుకుంటుంది. గుళ్లోకి రానివ్వని ఊళ్లలో పుట్టినవాడు గుడి నాకొద్దంటే, దానికీ అతనే జరిమానా కట్టాలన్నమాట. గారె తింటూ 'మీదీ ఓ మతవే' అనడం తేలిక. ఆ మాట కాగితమ్మీదకెక్కితే ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి.

ఇంకో దేశంలో ఇదే పేరు మేలు చేసింది. అమెరికాలో విస్కాన్సిన్ జైల్లో ఒక ఖైదీ నాస్తికుల చర్చాబృందం పెట్టుకుంటానంటే జైలువాళ్లు కుదరదన్నారు. 2005లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు, మతస్వేచ్ఛ రక్షణ వరకూ నాస్తికత్వాన్ని మతంగానే చూడాలంది. బైబిలు చదువుకునేవాళ్లకి గది ఇచ్చినప్పుడు వీళ్లకెందుకివ్వరు అని. అది న్యాయమే. కానీ మన రాజ్యాంగానికి ఆ తిప్పలు అక్కర్లేదు. 25వ అధికరణం ముందు అంతఃకరణ స్వేచ్ఛ అంది, ఆ తర్వాతే మతాన్ని పాటించడం, ప్రచారం చెయ్యడం అంది. నాస్తికుడు ఆ మొదటి మాట నీడలోనే నిలబడొచ్చు. 2023లో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రం దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అనే గడి పెట్టాలని చెప్పింది. నా దగ్గరికొచ్చే పట్టీల్లో ఆ గడి ఇంకా కనబడలేదు. 2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివాళ్లు దేశం మొత్తమ్మీద సుమారు 29 లక్షలు. అందులో ఎందరు చెప్పలేదో, ఎందర్ని అడగలేదో ఆ లెక్కలు రాసినవాళ్లకే ఎరుక.

ఇంతకీ మా నాన్న హిందువుగానే పోయాడు. చట్టం దృష్టిలో. ముస్లిం, క్రైస్తవుడు, పార్సీ, యూదుడు కానివాణ్ణి మన వివాహ, వారసత్వ చట్టాలు దాదాపుగా హిందువు కిందే జమ కడతాయి. ఆయన ఆస్తి (అంటే ఒక రెండు గదుల ఇల్లు, ఒక సైకిలు, ఒక పనిముట్ల పెట్టె) మా ముగ్గురికీ 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే వచ్చింది. ఆస్తి, నాస్తి అని ఆయనే పంచ్ వేసేవాడు ఉండుంటే.

నాన్న మిల్లులో ఫిట్టరు. నాస్తికత్వం ఆయనకి పుస్తకాల్లోంచి కాదు, యూనియన్ ఆఫీసు వరండాలోంచి వచ్చింది. కానీ ఆయన్ని చూసిన ఎవరికైనా ఒక చిక్కు ఎదురయ్యేది. దసరా వెళ్లాక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు తొలేళ్లకే మా ఇంటికి చుట్టాలు దిగిపోయేవారు. రైతు చుట్టాలు ఆ రాత్రి అమ్మవారి దగ్గర విత్తనాలు తెచ్చుకునేవారు. మర్నాడు మధ్యాహ్నం నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని మూడు లాంతర్ల నుంచి కోటకెళ్లే దారిలో నిలబడేవాడు. జనం ఇసకేస్తే రాలనంత. ఆ చింతమాను అంత పొడుగున గాల్లోకి లేచి, దాని చివర కుర్చీలో పూజారి ఊగుతూ వస్తుంటే, కింద నుంచి అరటిపళ్లు వర్షంలా ఎగిరేవి. ఒకసారి ఒక పండు గురితప్పి నాన్న బట్టతల మీద పడి చితికింది. తుడుచుకుంటూ, "మిగలపండింది" అన్నాడు.

"నాన్నా, దేవుడు లేడన్నావు కదా?" అని అడిగాను. ఆరేడేళ్లుంటాయేమో నాకు.

"దేవుడు లేడు గానీ మాను ఉంది కదరా. సూడు."

పైడితల్లి ఈ ఊరి రాజుల ఆడపడుచని, బొబ్బిలి యుద్ధం నాటి ముచ్చటని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ రోజు మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డవాణ్ణి ఎవరూ నువ్వు నమ్ముతావా అని అడగరు. మా వైపు గ్రామదేవతల దగ్గర ఆ ప్రశ్నే లేదు. వచ్చావా, చుట్టాల్ని పిలిచావా, ఇంట్లో వండావా, అంతే లెక్క. మతమంటే మనసులో దాచుకున్న నమ్మకం అని కొలిస్తే నాన్న మతం లేనివాడు. మతమంటే ఏటా ఒక రోజున ఊరితో కలిసి మెడ పైకెత్తి చూడ్డమంటే నాన్నంత నిష్ఠాపరుడు మా వీధిలో లేడు. ఆయన గురించి నాకు తెలిసినంతలో రెండూ నిజమే. ఈ రెండూ కుదరవనే తూనికరాయి ఎక్కడో పుస్తకం పట్టుకుని విశ్వాసప్రకటన చేసే మతాల దగ్గర చెక్కింది, మా సంతలో అది పనిచెయ్యదు.

ఇంట్లోనూ అంతే. అమ్మకి వంటింటి గోడలో ఒక చిన్న అలమారు గుడి. అరసవల్లి సూర్యనారాయణమూర్తి పటం, సింహాచలం పటం, ఒక ఇత్తడి దీపపు కుంది. ఆ కుంది అడుగున చిల్లిపడి నూనె కారుతుంటే నాన్న ఒక ఆదివారం దాన్ని వాకిట్లోకి తెచ్చుకున్నాడు. చింతపండుతో తోమి, ఆకురాయితో గీకి, కొలిమి లేదు కాబట్టి కిరసనాయిలు స్టవ్ మీదే కడ్డీ కాల్చి, తగరం కరిగించి మాటు వేశాడు. నీళ్లు పోసి గంటసేపు ఒక కాగితం మీద పెట్టి, తడి అవుతుందేమోనని మాటిమాటికీ కాగితం ఎత్తి చూశాడు. తడి లేదని తేలాక అమ్మ చేతికిచ్చి, "ఎలిగించుకో. కారదు" అన్నాడు. ఆయన ఎప్పుడూ ఆ దీపానికి దణ్ణం పెట్టలేదు. అమ్మా పెట్టమనలేదు.

నాస్తికులు తంతులు చేస్తే మతమైపోతుందా అన్న ప్రశ్నకి నేను గోరా ఇంటివైపు చూస్తాను. గోపరాజు రామచంద్రరావు గారు. కాకినాడ కాలేజీలో బోటనీ పాఠాలు చెప్పుకునే మనిషిని నాస్తికత్వం కారణంగానే 1933లో ఉద్యోగం తీసేశారు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకి తెచ్చారు. ఆయన భార్య సరస్వతి గారు పుట్టింది మా విజయనగరంలోనే, 1912లో. ఈ సంగతి మా ఊళ్లో ఎంతమందికి తెలుసో గానీ, తెలిస్తే ఒక వీధికైనా పేరు పెట్టుకునేవాళ్లం.

ఆ దంపతులు పిల్లలకి పెట్టిన పేర్లు చూడండి. ఉప్పు సత్యాగ్రహం నాడు పుట్టినవాడు లవణం. యుద్ధం మొదలైన కాలంలో పుట్టినవాడు సమరం. నియంతలు ఏలుతున్న రోజుల్లో పుట్టినవాడు నియంత. తొమ్మిదో బిడ్డ నౌ. దేవుళ్ల పేర్లు వద్దనుకుంటే పేరే వద్దనుకోలేం కదా. ఏదో ఒకటి పిలవాలి. ముదునూరులో అన్ని కులాలవాళ్లతో సహపంక్తి భోజనాలు పెట్టినప్పుడు పున్నమి రాత్రుల్ని ఎంచుకునేవారు. పౌర్ణమి అనగానే మావయ్య కళ్లెగరేస్తాడు, సత్యనారాయణ వ్రతమేనా అని. వెన్నెలకి నూనె ఖర్చు లేదు, అందుకే అయ్యుంటుందని నా ఊహ. పెద్దకూతురు మనోరమ పెళ్లి దళిత యువకుడితో 1948లో సేవాగ్రాంలో జరిగింది. ఆ తంతులో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పుకోవడానికి గాంధీ ముందే ఒప్పుకున్నాడు. పెళ్లినాటికి ఆయన లేడు.

పేరు, పెళ్లి, పంక్తిభోజనం, చావు. మతం చేసే పనుల్లో సగం ఇవే. మతాన్ని వదిలినవాడికి దేవుడి బాధ్యత తప్పుతుంది గానీ ఈ పనులు తప్పవు. పంతులు లేడని శవం ఇంట్లో ఉండిపోదు. ఎవరో ఒకరు మొయ్యాలి, వచ్చినవాళ్లకి ఎవరో ఒకరు నీళ్లివ్వాలి, ఏదో ఒక మాట చెప్పాలి. ఆ పని మనమే చేసుకున్నప్పుడు అది పాత పనిలాగే కనిపిస్తుంది. ఎందుకంటే అది పాత పనే. ఇంత వరకూ మావయ్య చూసింది నిజం. దానికి ఆయన పెట్టిన పేరే నాకు నచ్చలేదు. పదకొండో రోజే సభ ఎందుకు పెట్టావని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. పదో రోజు పెట్టొచ్చు, పన్నెండో రోజూ పెట్టొచ్చు. చేతులు వాటంతటవే ఆ తేదీ రాసేశాయి.

ఇక గట్టు మీది సంగతి. ఇరవై ఏళ్ల వయసులో నేను ఒక చిన్న బృందంలో ఉండేవాణ్ణి. పదిమందిమి. ఆదివారం సాయంత్రాలు కలిసేవాళ్లం. మాలో ఒకడు, నాకన్నా రెండేళ్లు పెద్ద, మంచి మాటకారి, పెళ్లి చేసుకున్నాడు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలన్నాడు, దండలన్నాడు. తర్వాత తెలిసింది, అత్తగారు ఏడిస్తే అంతకుముందు రోజు రాత్రి ఇంట్లో మంగళసూత్రం కట్టాడని. తర్వాతి ఆదివారం అతన్ని మధ్యలో కూర్చోబెట్టి సంజాయిషీ అడిగాం. అడిగింది ఎక్కువగా నేనే. ఎవరు ఒత్తిడి చేశారు, ఎందుకు ఒప్పుకున్నావు, మళ్లీ ఇలాంటిది చెయ్యనని రాసిస్తావా. రెండు గంటలు. అతను చేతిలో టీగ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు. మీగడ కట్టింది. లేచి వెళ్లిపోతూ గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు. మళ్లీ రాలేదు. అతనితో మాట్లాడొద్దని మాకెవరూ చెప్పలేదు గానీ మేం మాట్లాడ్డం మానేశాం.

ఆ రోజు మా గదిలో ఉన్నది మతమే. ఫొటో లేదు, దండ లేదు, గారెలు లేవు. పాపం ఉంది, ఒప్పుకోలు ఉంది, వెలి ఉంది. ఆ ఊపులోనే ఇంటికొచ్చి అమ్మకి ఉపన్యాసం ఇచ్చాను, ఆ అలమారు ఎందుకు, ఆ దీపం ఎందుకు అని. ఆవిడ వత్తి సర్దుతూ, తల తిప్పకుండానే, "నీకు లేకపోతే లేడు. నాకు సెప్పడానికి నువ్వెవరు, పంతులువా?" అంది. నాన్న వాకిట్లో చెప్పులు కుట్టుకుంటూ నవ్వాడు. నామీదే.

పెద్ద ఎత్తున ఇదే జరిగిన దేశాలున్నాయి. సోవియట్ రష్యాలో 1925లో నాస్తికుల సంఘమే ఒకటి పెట్టారు, 1929లో దాని పేరులోకి పోరాటాన్ని కూడా చేర్చారు. దేవుడు లేడని పిల్లలకి చెప్పడం వరకూ సరే. లెనిన్ ఒంటిని అద్దాల పెట్టెలో పెట్టి జనాన్ని వరసలో నిలబెట్టింది కూడా ఆ కాలమే. మా శ్రీకాకుళం ఉద్దానం ఊళ్లలో ఎర్ర స్తూపాలు కనిపిస్తాయి. 1960ల చివర్లో పోరాటంలో పోయినవాళ్లవి. నాకు వాటి దగ్గర ఆగాలనిపిస్తుంది. ఆగితే చెప్పులు విప్పాలా వద్దా అని కాళ్లు ఒక్క క్షణం తటపటాయిస్తాయి. అందులో తప్పేం లేదు, కొడుకులు పోయిన తల్లులు ఆ స్తూపం దగ్గర కూర్చుంటారు. కానీ ఆ పోరాటంలో పొరపాట్లేమిటని అక్కడ నిలబడి ఎవరైనా అడిగితే ఏమవుతుందన్నదే నేను చూసుకునే కొలత. అడగనిస్తే అది జ్ఞాపకం. అడిగినవాణ్ణి గట్టు దింపేస్తే దాని మీద దేవుడున్నా లేకపోయినా అది గర్భగుడే.

అలాగని అడగనిచ్చే గుళ్లు లేవా? ఉన్నాయి. మా అమ్మ అలమారు అలాంటిదే. నాన్న నలభై ఏళ్లు దాని ఎదురుగా కూర్చుని దేవుడు లేడంటూ అన్నం తిన్నాడు.

ఆనాడు మేం సంజాయిషీ అడిగిన మిత్రుణ్ణి ఆరేళ్ల కిందట ఆర్టీసీ కాంప్లెక్సులో చూశాను. పాలకొండ బస్సు కోసం నిలబడి ఉన్నాడు, పక్కన కూతురు. నాన్న బాగున్నారా అని అడిగాడు. నేను ఆ ఆదివారం సంగతి ఎత్తుదామనుకున్నాను, క్షమించమని అందామనుకున్నాను. బస్సు వచ్చేసింది. నాన్న సభకి మాత్రం అతను వచ్చాడు. చివరి వరసలో నిలబడి, తినకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు సంవత్సరీకం దగ్గరపడింది. సంవత్సరీకం అనకూడదేమో, కానీ వేరే మాట ఏదీ నోటికి రావడం లేదు. 'వర్ధంతి' అంటే మరీ నాయకుడి పోస్టరులా ఉంటుంది. యూనియన్ వాళ్లు ఫోన్ చేసి అదే తేదీకి సభ పెడదామన్నారు. ఆ రోజు శనివారం పడుతోంది, మర్నాడు ఆదివారమైతే అందరికీ సెలవు కదా అన్నాను. అవతల కాసేపు మాటలేదు. "అలగెలాగ? ఆయన పోయిన రోజే ఎట్టాలి" అన్నాడు పెద్దాయన, కొంచెం నొచ్చుకుని. మావయ్య ఈ ముక్క వింటే చీపురుపల్లిలో టపాసులు కాలుస్తాడు.

అమ్మని అడిగాను. ఆవిడ మొత్తం విని, "శనివారం నాను తిననుగానీ, ఆదివారం ఎట్టీ. సేపలు దొరుకుతాయి. మీ నాన్నకి గారెలు పడవు" అంది. వంట మాస్టారికి ఈసారి ముందే చెప్పాలి.